నిల్వ వ్యవస్థ నాడి పట్టడం

టౌన్‌షిప్ ఆస్పత్రిలో సోమవారం ఉదయం మందుల కౌంటరు ముందు నిలబడిన అనుభవం ఈ పత్రిక పాఠకులలో చాలామందికి ఉండే ఉంటుంది. పదవీ విరమణ చేసిన పెద్దలు, బిడ్డలను చంకన వేసుకున్న తల్లులు, రాత్రి షిఫ్టు ముగించుకొని నేరుగా వచ్చిన కార్మిక సోదరులు, అందరూ ఒకే వరుసలో కనిపిస్తారు. 2017వ సంవత్సరం శీతకాలంలో కొన్ని వారాలపాటు ఆ వరుస వరండా దాటి, మెట్లు దిగి, సైకిల్ స్టాండు వరకూ సాగింది. మందులకు కొరత లేదు. సిబ్బందిలో ఎవరూ సెలవు పెట్టలేదు. కౌంటరు మీది కంప్యూటరు మాత్రం ఉన్నట్టుండి స్తంభించిపోయేది.

ఆ రోజుల్లో సర్వర్ల గది బాధ్యత నాది. ఫిర్యాదు కాగితం నా బల్ల మీదికి వచ్చేసరికి వారం గడిచింది. నేను తెరమీద రేఖాచిత్రాలన్నీ పరిశీలించి, ‘సర్వర్లయందుగాని, నిల్వ వ్యవస్థయందుగాని ఎట్టి లోపమూ కానరాలేదు’ అని నోట్ రాసి పంపాను. సర్వర్లలో లోపం లేకపోతే మరి లోపం ఎవరిది? కౌంటరులోని ఫార్మసిస్టుగారిదే కావాలి గదా! ముప్ఫై ఏళ్ల సర్వీసు ఉన్న ఆ మనిషికి పనిలో అలసత్వంపై సంజాయిషీ కోరుతూ మెమో వెళ్లింది. నా నోట్ ఆ మెమోకు జతపరచబడింది.

ఆ నోట్ తప్పు. అందులోని అంకెలన్నీ నిజమే అయినా నోట్ తప్పు. అది ఎలా జరిగిందో వివరించడానికే ఈ వ్యాసం. కంప్యూటర్ల విభాగంతో సంబంధం లేని పాఠకులకూ, ముఖ్యంగా ఇంజనీరింగు చదువుతున్న మన పిల్లలకూ అర్థమయ్యేలా చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ఒకే ట్యాంకు, అనేక కుళాయిలు

నేను ఉద్యోగంలో చేరిన 1990ల మధ్యకాలంలో ప్రతి పనికీ ఒక కంప్యూటరు ఉండేది. జీతాల లెక్కకు ఒకటి, స్టోర్సుకు ఒకటి, ఆస్పత్రికి ఒకటి. ఎవరి డిస్కు వారి పొట్టలోనే ఉండేది. డిస్కు పనిచేస్తుంటే కరకరమనే శబ్దం వినిపించేది, ముందువైపు చిన్న దీపం మిణుకుమిణుకుమనేది. దీపం రెప్ప వేయకుండా వెలుగుతూ ఉంటే ఎక్కడో ఇబ్బంది వచ్చిందని గ్రహించేవాళ్లం. అప్పట్లో పర్యవేక్షణకు మా దగ్గరున్న పరికరాలు ఒక కన్ను, ఒక చెవి.

తరువాత వర్చువలైజేషన్ వచ్చింది. ఆలోచన పాతదే. ఐబీఎం సంస్థ 1960లలోనే తన పెద్ద కంప్యూటర్లపై దీన్ని సాధించి, 1972లో వీఎం/370 పేరిట వినియోగదారుల ముందుంచింది. మనవంటి కార్యాలయాలలో కనిపించే సాధారణ సర్వర్లకు దీన్ని ప్రచారంలోకి తెచ్చిన వీఎంవేర్ సంస్థ 1998లో ఏర్పడింది. దాని సర్వరు సాఫ్ట్‌వేరు 2001లో వెలువడింది. లినక్స్‌లో కేవీఎం 2007లో చేరింది. ఈ పద్ధతిలో ఒకే భౌతిక యంత్రం లోపల పది, ఇరవై ‘వర్చువల్ మెషీన్లు’ వేరువేరు కంప్యూటర్లవలెనే నడుస్తాయి. ప్రతిదీ తానొక్కటే ఆ యంత్రానికి యజమాని అనుకుంటుంది. ఇటువంటి యంత్రాలను కొన్నింటిని జతచేస్తే క్లస్టరు. ఒక యంత్రం చెడిపోయినా అందులోని వర్చువల్ మెషీన్లు పక్క యంత్రం మీద తిరిగి లేస్తాయి.

ఈ సౌకర్యం దక్కాలంటే డిస్కులు ఏ ఒక్క యంత్రానికీ సొంతం కాకూడదు. అందుచేత సమాచారమంతా అందరికీ అందుబాటులో ఉండే ఉమ్మడి నిల్వ వ్యవస్థలో, అనగా స్టోరేజీలో ఉంచుతారు. లాభమెంత ఉందో చిక్కూ అక్కడే ఉంది.

క్వార్టర్సులో కాపురముండే గృహిణులకు ఈ చిక్కును నేను వేరే చెప్పనక్కరలేదు. ఓవర్‌హెడ్ ట్యాంకు ఒక్కటే. ఉదయం ఆరు గంటలకు కింది వాటావారు మొక్కలకు గొట్టం పెడితే, పై అంతస్తు స్నానాలగదిలో ధార సన్నగిల్లుతుంది. పై ఇంటావిడ తన కుళాయిని ఎంత విప్పి చూసినా దోషం కనిపించదు. ప్లంబరును పిలిస్తే అతడు వచ్చేది పదకొండింటికి. అప్పటికి ధార బ్రహ్మాండంగా వస్తూ ఉంటుంది. ‘అంతా బాగానే ఉంది గదమ్మా’ అని అతడు వెళ్లిపోతాడు. 2017లో నేను చేసింది ఆ ప్లంబరు పనే.

డిస్కు వేగం కథ

కంప్యూటరులో మిగిలిన భాగాలతో పోలిస్తే డిస్కు ఎందుకంత నిదానమో ముందుగా కొంత తెలుసుకోవాలి. ఐబీఎం వారు 1956లో తెచ్చిన తొలి డిస్కు యంత్రంలో 24 అంగుళాల వెడల్పున్న 50 పళ్లేలు ఉండేవి; 50 లక్షల అక్షరాలు పట్టేవి. కోరిన అక్షరం దొరకడానికి సగటున సుమారు 600 మిల్లీసెకన్లు పట్టేది. మిల్లీసెకను అంటే సెకనులో వెయ్యో వంతు. ఆ తరువాత అర్ధశతాబ్దపు కృషి ఫలితంగా నిమిషానికి 15,000 సార్లు తిరిగే డిస్కులు వచ్చాయి. ఆ వేగంలో ఒక చుట్టుకు 4 మిల్లీసెకన్లు. కావలసిన చోటు సగటున అర చుట్టు దూరంలో ఉంటుంది కనుక దానికి 2 మిల్లీసెకన్లు, చదివే ముల్లు పక్కకు జరగడానికి మరో మూడున్నర, నాలుగు. మొత్తం ఆరుకు కాస్త అటూ ఇటూ. అంటే అత్యుత్తమమైన తిరుగుడు డిస్కు కూడా సెకనుకు 170, 180 చెదురుమదురు విన్నపాలకు మించి తీర్చలేదు. నిమిషానికి 7,200 సార్లు తిరిగే చౌక డిస్కు 80 దగ్గరే ఆగిపోతుంది. ప్రాసెసర్లు ఇదే కాలంలో ఎన్ని లక్షల రెట్లు వేగం పెంచుకున్నాయో అందరికీ తెలిసినదే. డిస్కు 600 నుంచి 6కు వచ్చింది, అంటే నూరు రెట్లు మాత్రమే. పళ్లెం తిరగడానికి పట్టే కాలం మీద గణితానికి పెత్తనం లేదు.

అందుకే పలు డిస్కులను గుత్తిగా కట్టి వాడతారు. ఈ గుత్తులకు రెయిడ్ అనే పేరు 1988లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ శాస్త్రజ్ఞులు ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ రాసిన పత్రంతో స్థిరపడింది. ఒక డిస్కు చెడినా సమాచారం పోకపోవడం వీటి గొప్ప. అయితే ఉచితంగా ఏదీ రాదు. రెయిడ్ 5 పద్ధతిలో ఒక చిన్న రాతకు పాత సమాచారం చదవాలి, పాత సరిచూపు అంకె చదవాలి, కొత్తవి రెండూ రాయాలి. పైనుంచి చూస్తే ఒక పని; లోపల నాలుగు. రెయిడ్ 6లో ఆరు. కొత్తగా స్టోరేజీ కొనేవారు అమ్మకందారు చూపే పెద్ద అంకెను చూసి మురిసిపోయే ముందు, అది చదవడానికా, రాయడానికా అని ఒక్క ప్రశ్న వేస్తే చాలు. అవతలివారి ముఖంలో మార్పు వస్తుంది.

నేడు ఫ్లాష్ డిస్కులు వచ్చాయి. వాటిలో తిరిగేదేమీ లేదు. మిల్లీసెకనులో పదోవంతు కాలంలో జవాబిస్తాయి. మా క్లస్టరులో 2017 నాటికి ఉన్నవి మాత్రం తిరుగుడు డిస్కులే, అవీ రెయిడ్ 6లో.

వరుస గణితం

నిల్వ వ్యవస్థ పనితీరును మూడు కొలతలతో చెబుతారు. సెకనుకు ఎన్ని విన్నపాలు తీర్చింది, సెకనుకు ఎన్ని మెగాబైట్లు అందించింది, ఒక్కొక్క విన్నపం ఎంతసేపు వేచి ఉంది. మొదటి రెండూ కరపత్రాలలో అచ్చువేసుకోవడానికి పనికివస్తాయి. కౌంటరు ముందు నిలబడిన మనిషికి తగిలేది మూడోది, జాప్యం.

ఈ మూడింటికీ ఒక చుట్టరికం ఉంది. జాన్ లిటిల్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు 1961లో దాన్ని నిరూపించాడు. లోపల ఉన్నవారి సంఖ్య, వచ్చే వేగాన్ని ఒక్కొక్కరు గడిపే కాలంతో గుణిస్తే వచ్చేదానికి సమానం. మందుల కౌంటరుకు నిమిషానికొకరు చొప్పున వస్తూ, ఒక్కొక్కరు ఇరవై నిమిషాలు ఉంటే, ఏ క్షణాన చూసినా వరండాలో ఇరవై మంది ఉంటారు. డిస్కుకూ ఇదే సూత్రం. సెకనుకు 2,000 విన్నపాలు, ఒక్కొక్కదానికి 4 మిల్లీసెకన్లు అయితే లోపల సగటున 8 ఉంటాయి. నిల్వ వ్యవస్థ ఒకేసారి 64కు మించి లోనికి రానివ్వదనుకుందాం. ఒక్కొక్కటి 200 మిల్లీసెకన్లు తీసుకోవడం మొదలుపెడితే, సెకనుకు బయటపడేవి 320 మాత్రమే. మిగిలినవి గుమ్మం బయట.

దీనికంటే పాతదీ, ఇంకా కఠినమైనదీ మరొక లెక్క ఉంది. డెన్మార్క్‌లో కోపెన్‌హాగన్ టెలిఫోను కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ అనే గణితజ్ఞుడు 1909లో ఈ శాస్త్రానికి పునాది వేశాడు. వచ్చేవారు లెక్క లేకుండా, తమకు తోచిన వేళ వస్తూ ఉన్నప్పుడు, ఒక కౌంటరు సగం కాలం తీరికగా ఉంటే వచ్చిన మనిషికి పట్టే కాలం అసలు పనికి రెండు రెట్లు. కౌంటరు 80 శాతం తీరిక లేకుండా ఉంటే ఐదు రెట్లు. 90 శాతమైతే పది రెట్లు. అంటే చివరి పది శాతం మొదటి ఎనభై శాతంతో సమానమైన కష్టం తెస్తుంది. యంత్రాన్ని నూటికి నూరు పాళ్లూ వాడుకోవడం పొదుపు అనుకునే అధికారులకు ఈ పట్టిక చూపించాలని నాకు చాలాకాలంగా కోరిక. ఉత్పత్తి విభాగం మిత్రులు ఏమనుకున్నా సరే.

కౌంటరు దగ్గర నోటుపుస్తకం

ఇక కథలోకి వస్తాను. మెమో అందుకున్న ఫార్మసిస్టుగారు సంజాయిషీ రాయడానికి ముందు స్వయంగా నా గదికి వచ్చారు. కోపంగా కూడా లేరు.

“సార్, గంటకీ అరగంటకీ ఆగుతుంది. నేను గోడ గడియారం చూసే చెబుతున్నాను. పదింటికి ఆగుతుంది, పదిన్నరకి ఆగుతుంది. మూడు కౌంటర్లూ ఒక్కసారే. ఆ సంగతి ఫిర్యాదులో రాశాను కూడా” అన్నారు.

రాశారు. నేనే చదవలేదు, చదివినా పట్టించుకోలేదు. గోడ గడియారానికీ స్టోరేజీకీ సంబంధమేమిటని అనుకున్నాను. మర్యాద కొద్దీ చూస్తానని చెప్పి పంపించాను. ఆ మధ్యాహ్నం ఆస్పత్రి వర్చువల్ మెషీన్‌ను క్లస్టరులోని మరో యంత్రం మీదికి మార్పించాను. మార్పూ లేదు, గుణమూ లేదు. ప్రాసెసరు చాలడం లేదేమోనన్న అనుమానంతో రెండు కొత్త సర్వర్లకు ఇండెంటు తయారు చేయడం కూడా మొదలుపెట్టాను. వాటా మారినా ట్యాంకు అదేనన్న ఆలోచన అప్పటికి నాకు తట్టలేదు.

మా విభాగంలో అప్పుడే చేరిన ఒక యువ ఇంజనీరు ఉండేది. ఆ అమ్మాయి ఫార్మసిస్టుగారి మాటలు పక్క బల్ల దగ్గర నుంచి విన్నది. మర్నాడు ఉదయం కనిపించలేదు. సెలవు చీటీ కూడా లేదు. పన్నెండింటికి వచ్చి, గీతల నోటుపుస్తకం ఒకటి నా ముందు పెట్టింది.

“ఏమ్మా, ఎక్కడికి వెళ్లావు?” అని అడిగాను.

“మందుల కౌంటరు వెనక స్టూలు వేసుకొని కూర్చున్నాను సార్. మీట నొక్కిన దగ్గర నుంచి తెర మారేదాకా చేతి గడియారంతో చూసి రాశాను.”

ఆ పుస్తకంలో మూడు పుటలనిండా అంకెలు. అర సెకను, అర సెకను, ఒక సెకను, అర సెకను. పది గంటలకు మాత్రం ‘ఆగింది. కనెక్షన్ పోయింది. మళ్లీ లాగిన్’ అని ఉంది. పదిన్నరకు అదే. పదకొండుకు అదే. పక్కన మార్జిన్‌లో చిన్న అక్షరాలతో, ‘మోకాళ్ల నొప్పితో వచ్చిన పెద్దాయన నిలబడలేక నేల మీద కూర్చున్నారు’ అని రాసి ఉంది. మా పర్యవేక్షణ తెరమీద ఏ రేఖాచిత్రంలోనూ ఆ గీత లేదు.

ఆ రోజు పన్నెండున్నరకు ఇద్దరం కలిసి తెర ముందు కూర్చున్నాం. యంత్రం నుంచి నేరుగా, రెండు సెకన్లకొకసారి కొలత తీశాం. పన్నెండు గంటల ఇరవై తొమ్మిది నిమిషాల వరకు జాప్యం 4 మిల్లీసెకన్లు. ముప్ఫయ్యో నిమిషంలో అడుగు పెట్టగానే 200. సుమారు పదిహేను సెకన్లపాటు 200. తరువాత మళ్లీ 4.

మరి నేను చూసిన రేఖాచిత్రంలో ఇది ఎందుకు లేదు? వీఎంవేర్ వారి వీసెంటర్ వంటి సాఫ్ట్‌వేర్లలో ఉన్న రివాజు తెలిస్తే అర్థమవుతుంది. 20 సెకన్లకొకసారి తీసిన కొలతలను అది దాదాపు గంటసేపు మాత్రమే అట్టిపెడుతుంది. ఒక రోజు వెనక్కి చూడాలంటే ఐదు నిమిషాల సగటు దొరుకుతుంది. వారం వెనక్కి అయితే అరగంట సగటు, నెల వెనక్కి అయితే రెండు గంటల సగటు, ఏడాదికి రోజు సగటు. స్థలం పొదుపు కోసం పెట్టిన సహేతుకమైన ఏర్పాటే అది. లెక్క కట్టి చూడండి. ఐదు నిమిషాలంటే 300 సెకన్లు. అందులో 285 సెకన్లు 4 చొప్పున, 15 సెకన్లు 200 చొప్పున అయితే సగటు 13.8. మా దగ్గర ప్రమాద గంట మోగడానికి పెట్టిన హద్దు 20. గంట మోగలేదు. వారం తరువాత నేను చూసినది అరగంట సగటు. 1,785 సెకన్లు 4 చొప్పున, 15 సెకన్లు 200 చొప్పున. వచ్చేది 5.6. నా నోట్‌లో నేను సగర్వంగా ఉదహరించిన అంకె సరిగ్గా అదే. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అన్నట్టుంది మా రేఖాచిత్రం.

పదిహేను సెకన్ల ఆటంకానికి వరుస సైకిల్ స్టాండు దాకా ఎందుకు పెరగాలన్న సందేహం పాఠకులకు రావచ్చు. నాకూ వచ్చింది. ఫార్మసీ ప్రోగ్రాములో ఒక మందు పేరు నమోదు చేసి మీట నొక్కితే, ఒకదాని వెనక ఒకటిగా సుమారు 40 సార్లు డిస్కు చదవవలసి ఉండేది. 4 మిల్లీసెకన్ల చొప్పున అయితే అది సెకనులో ఆరో వంతు కూడా కాదు. 200 చొప్పున అయితే 8 సెకన్లు. 5 సెకన్లలో జవాబు రాకపోతే ప్రోగ్రాము సంబంధాన్ని తెంచుకునేలా దాన్ని ఎవరో రాసి ఉంచారు. తెగిందంటే మళ్లీ లాగిన్ కావాలి, మందుల నిల్వ జాబితా మళ్లీ తెరుచుకోవాలి, పది మందులున్న చీటీని మొదటి నుంచి ఎక్కించాలి. ఒక్కొక్క కౌంటరుకు ఐదు నిమిషాలు. గంటకు రెండుసార్లు, అంటే గంటలో ఆరో వంతు పోయినట్టు. ఇప్పుడు ఎర్లాంగ్ లెక్క గుర్తుకు తెచ్చుకోండి. మామూలుగా 80 శాతం తీరిక లేని కౌంటరు తన కాలంలో ఆరో వంతు కోల్పోతే 96 శాతానికి చేరుతుంది. ఆ స్థాయిలో సూత్రం చూపేది ఐదు రెట్లు కాదు, ఇరవై ఐదు రెట్లు. మన కౌంటర్లు మూడు కనుక లెక్క అక్షరాలా వర్తించదు, పోకడ మాత్రం అదే. ఆ పెద్దాయన నేలమీద కూర్చోవడానికి కారణం ఈ గుణకారమే.

దొంగ ఎవరు?

జాప్యం ఎక్కడ పుడుతున్నదో తెలుసుకోవడానికి దాన్ని ముక్కలుగా విడదీయాలి. ఈఎస్ఎక్స్‌టాప్ అనే పరికరం దీన్ని మూడు అంకెలుగా చూపుతుంది. విన్నపం యంత్రాన్ని వదిలి వెళ్లి స్టోరేజీ నుంచి తిరిగి రావడానికి పట్టిన కాలం డీఏవీజీ. యంత్రం లోపలి వర్చువలైజేషన్ పొరలోనే ఆగిపోయిన కాలం కేఏవీజీ. రెండూ కలిపితే వర్చువల్ మెషీన్ అనుభవించేది, జీఏవీజీ. ఆనవాయితీగా కేఏవీజీ 2 మిల్లీసెకన్లు మించితే యంత్రంలోని వరుసలను అనుమానిస్తారు. డీఏవీజీ 20, 25 దాటి నిలబడితే స్టోరేజీ వైపు చూస్తారు. మా దగ్గర డీఏవీజీ 200, కేఏవీజీ దాదాపు సున్న. అంటే సర్వర్లు నిర్దోషులు. కొత్తవి రెండు కొన్నా అవీ పాతవాటి పక్కన నిలబడి అదే వరుసలో ఎదురుచూసేవి. ఇండెంటు కాగితాన్ని ఆ సాయంత్రమే చించివేశాను.

లినక్స్ వాడే మిత్రులకు ఇక్కడొక హెచ్చరిక. ఐఓస్టాట్ చూపే ‘వినియోగ శాతం’ అంకెను నమ్ముకొని డిస్కుల గుత్తి నిండిపోయిందనో, ఖాళీగా ఉందనో తీర్పు చెప్పరాదు. కనీసం ఒక్క విన్నపమైనా లోపల ఉన్న కాలాన్ని అది లెక్కిస్తుంది. పన్నెండు డిస్కుల గుత్తిలో ఒక్కటే పనిచేస్తున్నా అది నూరు శాతం చూపగలదు. మూడు కౌంటర్లున్న హాలులో ఎవరో ఒకరికి పని ఉందని చెప్పడం వంటిది. అక్కడా చూడవలసింది వేచి ఉన్న కాలాన్నే.

ఒంటి గంట కావడానికి రెండు నిమిషాల ముందు వర్చువల్ మెషీన్లన్నింటినీ చదువుతున్న మెగాబైట్ల వరుసలో పేర్చి పెట్టుకొని ఎదురుచూశాం. ఒంటిగంట కొట్టగానే అట్టడుగున ఉన్న ఒక పేరు ఎగిరి పైకి వచ్చింది. అది హాజరు సర్వరు. గేటు దగ్గర మనం వేలిముద్ర వేస్తే నమోదయ్యేది అందులోనే. అరగంటకొకసారి ఎవరు లోపలున్నారో లెక్క తీయడానికి అందులో ఒక చిన్న పని పెట్టారు. పెట్టిన నాడు అది కనురెప్పపాటులో ముగిసేది. తేదీవారీ సూచిక ఏర్పాటు చేయకపోవడం వల్ల అది ప్రతిసారీ మొదటి రోజు నుంచి నేటి వరకూ పట్టికంతా చదువుకుంటూ వచ్చేది. ఏళ్లు గడిచేకొద్దీ పట్టిక సుమారు 1.2 గిగాబైట్లకు పెరిగింది. సెకనుకు 80 మెగాబైట్ల చొప్పున చదివితే పదిహేను సెకన్లు. అది పంపే విన్నపాలు ఒక్కొక్కటి 256 కిలోబైట్ల మూటలు. ఆస్పత్రివి 8 కిలోబైట్ల చిన్న చీటీలు. వరుసలోని 64 స్థానాలనూ మూటలు ఆక్రమించుకుంటే చీటీ పట్టుకున్నవాడు వెనకే నిలబడాలి. ఇంకొక సంగతి కూడా దాచకుండా చెప్పాలి. ఆ సర్వరుకు మరికొంత జ్ఞాపకశక్తి ఇచ్చి ఉంటే పట్టిక అందులోనే నిలిచి డిస్కు దాకా రావలసిన అవసరమే ఉండేది కాదు. పొదుపు పేరిట దానికి అతి తక్కువ కేటాయించినది నేనే.

మరమ్మతుకు పైసా ఖర్చు కాలేదు. పట్టికకు సూచిక కట్టారు. చదవవలసింది కొద్ది మెగాబైట్లకు పడిపోయింది. ఆ సర్వరు సెకనుకు పంపగల విన్నపాలకు ఒక పరిమితి విధించాం. ఇటువంటి పరిమితులను జాప్యం హద్దు దాటినప్పుడు దానంతట అదే అమలుచేసే ఏర్పాటు వీఎంవేర్‌లో 2010లో వచ్చింది. మొదట్లో దాని మామూలు హద్దు 30 మిల్లీసెకన్లు. అరగంట పని మిగిలిన పనులన్నిటితో పాటు సరిగ్గా గంట కొట్టగానే లేవకుండా ఏడు నిమిషాలు జరిపాం. చిత్రమేమంటే కార్యాలయాలలో పని పెట్టే ప్రతివారూ దానికి పది గంటలనో, పదిన్నరనో ముహూర్తం పెడతారు. పది గంటల ఏడు నిమిషాలు అన్నవారిని నేను చూడలేదు.

నేను నా నోట్‌ను రాతపూర్వకంగా ఉపసంహరించుకున్నాను. కారణాలు మూడు పుటలలో రాసి, యువ ఇంజనీరు నోటుపుస్తకం నకలును జతపరిచాను. మెమో రద్దయింది. ఫార్మసిస్టుగారి గదికి వెళ్లి క్షమించమని అడిగినప్పుడు ఆయన, “పోనీలెండి సార్, గడియారం బాగానే నడుస్తోందని తేలింది గదా” అన్నారు. ఆయన మరుసటి ఏడాది పదవీ విరమణ చేశారు.

ఆ తరువాత మార్చినవి

సగటు పక్కన గరిష్ఠాన్ని కూడా భద్రపరచడం మేము మొదట చేసిన మార్పు. 20 సెకన్ల కొలతలను నలభై రోజులపాటు వేరే చోట దాచుకుంటున్నాం. దానికి అయ్యే స్థలం ఒక పెళ్లి వీడియోకు అయ్యేదాని కంటే తక్కువ. పర్సెంటైల్ పద్ధతిని కూడా పరిశీలించాం. నూరు కొలతలను చిన్నదాని నుంచి పెద్దదాని వరకు పేర్చి తొంభై తొమ్మిదోదాన్ని చూడడం సగటు కంటే మేలే. కానీ అరగంటలో పదిహేను సెకన్లంటే నూటికి ఒక వంతు కన్నా తక్కువ. అరగంట మొత్తానికి 99వ పర్సెంటైల్ కట్టి ఉంటే మా దొంగ దాన్నుంచి కూడా తప్పించుకొని ఉండేవాడు. ఎంత కాలానికి కడుతున్నామన్నది ఏ పద్ధతిలో కడుతున్నామన్నదాని కంటే ముఖ్యమని అప్పుడు తెలిసింది.

స్టోరేజీ నియంత్రణ పెట్టెలోని బ్యాటరీని నెలకొకసారి చూడడం మరో మార్పు. రాతలను తాత్కాలికంగా జ్ఞాపకశక్తిలో పట్టి ఉంచి ‘రాసేశాను’ అని వెంటనే జవాబివ్వడానికి ఆ బ్యాటరీయే ధైర్యం. అది నీరసిస్తే పెట్టె జాగ్రత్తపడి ప్రతి రాతనూ డిస్కు మీద పడ్డాకనే జవాబు చెబుతుంది. ఏదీ చెడిపోదు, ఎర్ర దీపం వెలగకపోవచ్చు కూడా; కానీ అంతా నెమ్మదిస్తుంది. కారణం తెలియక ప్రోగ్రాము రాసినవారిని తిట్టుకుంటారు.

అన్నిటికంటే నాకు నచ్చిన మార్పు ఆ అమ్మాయి ఆలోచనే. నిమిషానికొకసారి ఒక చిన్న ప్రోగ్రాము మందుల కౌంటరులో మనిషి కూర్చుని అడిగినట్టే పారాసెటమాల్ మాత్ర నిల్వ ఎంత ఉందని అడుగుతుంది, జవాబు రావడానికి పట్టిన కాలాన్ని రాసుకుంటుంది. స్టోరేజీ ఏమనుకుంటున్నదో, సర్వరు ఏమనుకుంటున్నదో దానికి అక్కరలేదు. మా విభాగంలో దీన్ని పారాసెటమాల్ పరీక్ష అంటారు. హాజరు వంటి పని గంట కొట్టేవేళ పదిహేను సెకన్లపాటు లేస్తే, నిమిషం మొదటి సెకనులో అడిగే ఈ ప్రశ్న దానికి చిక్కక తప్పదు. ఇతర సెకన్లలో లేచేవి తప్పించుకోకుండా అడిగే క్షణాన్ని అటూ ఇటూ మారుస్తూ ఉంటాం.

తరువాతి సంవత్సరాలలో తిరుగుడు డిస్కుల స్థానంలో ఫ్లాష్ వచ్చింది. ఇప్పుడు మామూలు జాప్యం 1 మిల్లీసెకను లోపే. ఇక పర్యవేక్షణ ఎందుకని ఒక సమావేశంలో ఎవరో అన్నారు. ట్యాంకు పెద్దదైంది, నిజమే. కుళాయిలు కూడా అప్పటికంటే రెట్టింపయ్యాయి. గత నెల నుంచి శనివారం రాత్రుల్లో పదకొండు గంటల పదమూడో నిమిషాన పారాసెటమాల్ పరీక్షలో ఒక చిన్న శిఖరం లేస్తున్నది. రెండు సెకన్లకు మించదు. రాత్రి అత్యవసర విభాగం తప్ప ఆ వేళకు వరుసలో ఎవరూ ఉండరు. అయినా ఆ అమ్మాయి, ఇప్పుడు సీనియర్ మేనేజరు, ఈ శనివారం రాత్రి ఆస్పత్రికి వెళ్లి కూర్చుంటానంటున్నది. నోటుపుస్తకం నేనే కొనిచ్చాను.